చల్లబడ్డ అంకె

రేపటి రేసులో కారు నడపాల్సింది చెల్లెలు, ఇంజిన్ సిద్ధం చేసింది అన్న. ట్రాక్ మీద ఒక చుట్టు తిరిగొచ్చి, షెడ్డులో కారు ఆపుతూనే ఆమె మొదలుపెట్టింది.

“నిన్న ఇంజిన్ పొగ వేడి తొమ్మిదొందల యాభై డిగ్రీలు దాటింది. ఇవాళ ఎనిమిదొందల ముప్పై దగ్గరే ఆగింది. ఏం చేశావన్నయ్యా?”

“ముందు మెచ్చుకోవే!”

“పొగ చల్లబడేలా పెట్రోలు పాలు పెంచావా?”

“పెంచితే స్పీడు పడిపోదూ?”

“మరెలా చల్లబడింది? బతిమాలుకున్నావా?”

“వేడి కొలిచే సెన్సర్‌ని కాస్త జరిపాను.”

“ఎక్కడికి?”

“ఇంజిన్ పక్కనున్నదాన్ని… టర్బో అవతలికి.”

ఆమె హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది. విసిరేయనందుకు తనకే ఆశ్చర్యమేసింది.

“టర్బో చక్రాన్ని తిప్పి తిప్పి నీరసపడ్డ పొగ చల్లగా కాక ఎలా ఉంటుంది? జ్వరమొచ్చినవాడి నోట్లోంచి థర్మామీటర్ లాగి పక్కింటాయన నోట్లో పెట్టినట్టుంది నీ వైద్యం!”

“నువ్వు అంకె చూసి హడలిపోయి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తున్నావే. అందుకని…”

“హడలగొట్టడానికే కదా అది ఉన్నది! ఆ స్పీడులో పిస్టన్ కరిగితే కార్లో ఉండేది నేను. నువ్వు కాదు.”

అన్న శుభ్రంగా ఉన్న స్పానర్‌ని మళ్లీ తుడిచాడు.

“పెట్రోలు పెంచితే మనం గెలవమే,” అన్నాడు చివరికి.

“ఆ మాట నిన్ననే చెప్పి ఉంటే కాసేపు ఏడ్చి ఊరుకునేదాన్ని. నాతో అబద్ధం ఆడాలంటే నువ్వే ఆడు, మీటర్ చేత ఆడించకు. సెన్సర్ మళ్లీ ఇంజిన్ పక్కన పెట్టు, పెట్రోలు పెంచు. ఓడిపోయే పని నేను చూసుకుంటాను.”