మూత కింద కార్బరేటర్

సభకు అధ్యక్షత వహిస్తున్న దశరథరామయ్య గారికి, ఆయన పక్కన ఈ ఉక్కలో పట్టుశాలువా తీయలేక, ఉంచుకోలేక కూర్చున్న నేటి పదవీ విరమణ సన్మానితులు సుందరరావు గారికి, వారి శ్రీమతి వరలక్ష్మమ్మ వదినకి, ముందు వరుసలో ఉన్న అధ్యక్షుల తల్లిగారు సూరమ్మ గారికి, బుకిట్ పంజాంగ్ నుంచీ తువాస్ నుంచీ ఆదివారం పూట ఈ బూన్ లే హాలు దాకా వచ్చిన పెద్దలకూ మిత్రులకూ నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ వర్క్‌షాప్ సోదరులకు విడిగా ఇంకో నమస్కారం. ముందు కుర్చీల మీద టిష్యూ పాకెట్లు పెట్టి చోప్ చేసి సీట్లు ఆపుకున్న వాళ్లెవరో దయచేసి వాటిని తీసేస్తే, ఈ సోదరులు కూడా కూర్చుంటారు. (నవ్వులు)

నా పేరు భరద్వాజ్. మైకు ఇస్తే గొడవ పెట్టుకుంటానని కార్యవర్గానికి బాగా తెలుసు. పనివాళ్లను సామాన్లలాగా లారీల వెనక ఎక్కించే సంగతి, నేను మాట్లాడిన ప్రతి సభలోనూ కాఫీ వేళకు ముందే నా నోట వచ్చేసింది. అందుకే ఇవాళ్టి వక్తల్లో నా పేరు లేదు. "వాడు మాట్లాడకపోతే నేను శాలువా కప్పుకోను లా" అని, మాట చివర ఇక్కడివాళ్ల "లా" తగిలించి మరీ, సుందరరావు గారు పట్టుబట్టబట్టి ఇక్కడ నిలబడ్డాను. ఆయన చూపు చూస్తుంటే ఇప్పుడు పశ్చాత్తాపపడుతున్నట్టే ఉంది.

ఇందాకటి వక్తలందరూ సుందరరావు గారిని వినయశీలి అన్నారు. ఎవరి గురించి మాట్లాడారో నాకు అర్థం కాలేదు. (నవ్వులు) నేనెరిగిన మనిషి పక్కవాడి కారు చప్పుడు విని, "ఎవడయ్యా దీన్ని ఇలా తగలేసింది?" అని ఆ తగలేసినవాడి మొహం మీదే అడుగుతాడు. తాతగారు విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. మనవడు ఈ దీవిలోనే పుట్టి, తెలుగులో తమిళం, తమిళంలో మలయ్ కలిపి మూడు భాషల్లోనూ తిట్టగలడు. దశరథరామయ్య గారు తువాస్ షిప్‌యార్డులో ఫిట్టరుగా చేరిన కొత్తలో ఆయనకు పని నేర్పింది ఈయనే. తర్వాత ఇద్దరూ బయటికొచ్చి పాతకాలపు కార్లు బాగుచేసే షెడ్డు పెట్టారు. ఇద్దరూ పెట్టారు అన్నాను గానీ, బోర్డు మీద పేరు దశరథరామయ్య గారొక్కరిదే.

ఆ షెడ్డులో సుందరరావు అన్నయ్యది ఒక పద్ధతి ఉంది. ఇంజన్ పనికి ఒప్పుకునే ముందు కారు యజమానిని హాకర్ సెంటర్ తిండికొట్ల దగ్గరికి తీసుకుపోయి, టీ ఎదురుగా పెట్టి అడుగుతాడు: ఎక్కడికి పోతావు? ఎంత జోరుగా పోతావు? పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు? జవాబు విన్నాకే పానా పట్టుకుంటాడు. ఆ చివరి ప్రశ్న ఎందుకని నేనొకసారి వెటకారం చేస్తే, "ఇంజన్ కుదుపు నడిపేవాడికి తెలీదు తమ్ముడూ, పక్కనున్నవాళ్ల నడుముకి తెలుస్తుంది" అన్నాడు. వదిన గారు తల ఊపుతున్నారు, అనుభవం. (నవ్వులు)

ఇప్పుడు అసలు సంగతి. అధ్యక్షా, మీరు వాచీ చూసుకున్నా సరే చెబుతాను.

కింద కార్ పార్కులో పూలదండలతో నిలబెట్టిన ఎర్ర కారు మీరంతా చూశారు. ఎనిమిది సిలిండర్ల అమెరికా బండి, మనలో చాలామంది కంటే వయసులో పెద్దది. దశరథరామయ్య గారు ముచ్చటపడి కొన్నారు. తప్పులేదు, షిప్‌యార్డు లారీ వెనక వానలో తడిసిన మనిషికి సొంత కారు మీద ముచ్చట ఉండకపోతే ఎవరికి ఉంటుంది? దానికి కొత్త కార్బరేటర్ వెయ్యాల్సి వచ్చింది. తెలియని పిల్లల కోసం చెబుతాను. ఇంజన్ ఊపిరి పీల్చే గొంతు అది. గాలి ఆ గొంతులోంచి ఉరుకుతూ పెట్రోల్‌ను తనతో లాక్కుపోతుంది. గొంతు మరీ వెడల్పయితే గాలి నింపాదిగా దిగుతుంది, నింపాదిగా దిగే గాలి పెట్రోల్‌ను సరిగా లాగలేదు. సిగ్నల్ దగ్గర ఆగి, పచ్చలైటు పడగానే తొక్కారనుకోండి, బండి ఒక్కసారి దగ్గి తల వాల్చేస్తుంది.

మూడువందల యాభై ఘనపుటంగుళాల ఇంజన్ అది. నిమిషానికి అయిదువేల చుట్లు మించి తిప్పే అవసరం ఈ ఊళ్లో రాదు. లెక్క కడితే నిమిషానికి అయిదువందల ఘనపుటడుగుల గాలి కూడా అది తాగలేదు. ఆరువందల కొలత కార్బరేటర్ బిగిస్తే ఇంకా చోటు మిగులుతుంది. అధ్యక్షుల వారు ఎనిమిదివందల యాభైది కావాలన్నారు. ఎందుకంటే పక్క క్లబ్బులో ఒకాయనకు ఏడువందల యాభైది ఉందట! ఈ చివర జోరందుకుంటే ఆ చివర సముద్రం తగిలే దీవిలో, బానెట్ ఎత్తి చూపించడానికి ఒక కొలత, నడపడానికి ఒక కొలత. మన సంఘాలూ అంతే, మన పెళ్లిళ్లూ అంతే, నా ఉపన్యాసాలూ అంతే అంటారా, ఒప్పుకుంటాను. (నవ్వులు)

టీ దగ్గర పక్క సీటు ప్రశ్న వచ్చింది. "అమ్మ" అన్నారు దశరథరామయ్య గారు. ఆ జవాబుతో సుందరరావు గారు తేల్చుకున్నారు. ఆరువందలది బిగించారు. దాని మీద పళ్లెమంత వెడల్పున, అద్దంలా మెరిసే ఎయిర్ ఫిల్టర్ మూత పెట్టారు. మూత చూసి యజమాని మురిసిపోయారు. ఇది ఎనిమిదివందల యాభైదే అని ఈయన అనలేదు, కాదనీ అనలేదు. సూరమ్మ గారు ఆ కారులో కొడుకు పక్కన కూర్చుని, తువాస్ నుంచి ఇంటిదాకా నిద్రపోయారు. నిజమా కాదా పిన్నిగారూ? (ముందు వరుస నుంచి: "హాయిగా పట్టిందిరా నిద్ర.")

తర్వాత పాత కార్ల వాళ్ల కూటమిలో అధ్యక్షుల వారు, "చూశారా, ఎనిమిదివందల యాభై అంటే ఇదీ! వెన్నలా పోతోంది. కావాలంటే తెరిచి చూసుకోండి" అన్నారు. పిలిచింది ఆయనే. మూడో వరుసలో నవ్వు ఆపుకుంటున్న సుమలత గారు మూత మర తిప్పి తెరిచారు. కార్బరేటర్ మీద చెక్కిన అంకె చదివారు. ఆమె సొంతంగా పాత బండి నడుపుతారు కాబట్టి అంకె అర్థం ఆమెకు తెలుసు, "ఇది ఆరువందలదే" అన్నారు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వుకు ఇవాళ మనం శాలువా కప్పుతున్నాం.

(ముందు వరుసల్లో గుసగుసలు)

అవును, నేను అన్నది మీరు సరిగ్గానే విన్నారు. ఇది పదవీ విరమణ కాదు. "ఇంక విశ్రాంతి తీసుకో అన్నా" అని అధ్యక్షుల వారు మర్నాడే చెప్పారు. అంతటితో ఆగినా నేను నోరు మూసుకునేవాణ్ణేమో. షెడ్డుకొచ్చే ప్రతివాడికీ "వాడు చెప్పేదొకటి, బిగించేదొకటి" అని చెప్పారు. రోజుకు ఒక పూట పని ఇస్తానని పిలిచిన ఇంకో వర్క్‌షాప్ ఆయన, ఎవరి నుంచో ఫోన్ వచ్చాక, వద్దులెండి అన్నారు. అరవై దాటినా చేతులు వణకని మనిషి బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో ఫ్యాను విప్పి, తుడిచి, మళ్లీ బిగించుకుంటున్నారు. ఆయనకు కావలసింది శాలువా కాదు. చెడిపోయిన పేరు వెనక్కి కావాలి. ఆయన దండన అనుభవిస్తున్నది తప్పు చేసినందుకు కాదు, ఒప్పు చేసి దొరికిపోయినందుకు.

అన్నయ్యా, నీతో కూడా నాకు పేచీ ఉంది. అధ్యక్షుల వారి మొహం మీదే "ఎనిమిదివందల యాభైది బిగించను, కావాలంటే వేరేవాణ్ణి చూసుకో" అనాల్సింది. ఊరందరినీ దులిపే నోరు యజమాని ముందు ఎందుకు మూతపడింది? మంచిపని దొంగచాటుగా చేసి, పేరు దొరగారికి వదిలేసి, దాన్ని లౌక్యం అనుకుంటూ మనవాళ్లంతా ఇలాగే బతుకుతున్నారు. మూత తెరిచేదాకా బాగానే ఉంటుంది. తెరిచాక మనల్ని దొంగలంటారు. నువ్వు దొంగవి కావు, కానీ నీ మౌనం వాళ్లకు ఆ మాట అందించింది.

(వేదిక మీద నుంచి సుందరరావు గారు: "చాలు తమ్ముడూ, కూర్చో లా. మకాన్ చల్లారిపోతోంది.")

భోజనం చల్లారనీ. మన కోపాలన్నీ అన్నం వేడి మీదే ఆవిరైపోతున్నాయి.

ఇంకొక్క సంగతి. కింద ఉన్న కారుకు ఇప్పుడు నిజంగానే ఎనిమిదివందల యాభైది బిగించారు. పొద్దున అది ఈ హాలు మలుపు దగ్గర ఆగిపోతే, వెనక నిలబడ్డ ఈ సోదరులే పూలు రాలకుండా తోసుకొచ్చారు. సభ అయ్యాక సన్మానితుల్ని అందులోనే ఊరేగించి ఇంట్లో దింపుతామని ప్రకటించారు. సూరమ్మ గారు మాత్రం ఇందాక నా చెయ్యి పట్టుకుని, "ఆ కుదుపులు నా వల్ల కాదురా, నేను సుందరంతో రైల్లో వెళ్లిపోతాను" అన్నారు.

ఈ సంచిలో పూలదండ లేదు. ఆ ఆరువందల కార్బరేటర్ ఉంది. పాత ఇనుములో పడేస్తే సోదరులు తీసి, కడిగి దాచారు. దీన్ని నేను ఇవ్వను. దశరథరామయ్య గారూ, మీ చేత్తో ఇవ్వండి. ఇస్తూ, ఈ మైకులోనే, "ఆ కారుకు ఇదే సరైనది" అని ఒక్క మాట అనండి. క్షమాపణ అడగడం లేదు. మీకు తెలియనిది చెప్పమనడం లేదు, మీకు పని నేర్పిన మనిషి దగ్గర నేర్చుకున్నదే చెప్పమంటున్నాను. ఆ ఒక్క మాట వింటే రేపు ఆయనకు ఇంకో షెడ్డు తలుపు తెరుచుకోవచ్చు. అనకపోతే, ఈ శాలువా ఆయన మీద ఇంకో మూత.

ఇంతసేపు ఓర్చుకున్న మీ అందరికీ, మాట్లాడనిచ్చినందుకు అన్నయ్యకీ, అన్నయ్యను ఇన్నాళ్లు భరించిన వదినకీ కృతజ్ఞతలు. సంచి అధ్యక్షుల వారి ముందు పెడుతున్నాను. మైకు ఆపకుండానే దిగిపోతున్నాను. సెలవు.

(చప్పట్లు వెనక వరుసల్లో మాత్రమే. అధ్యక్షుల వారు లేచి, సంచిని కొంచెం పక్కకు జరిపి, మైకు అందుకుని, భోజనాలు సిద్ధంగా ఉన్నాయని ప్రకటించారు.)