సోములమ్మ ఆపిన గూడ్సు

ఏటే రత్నాలూ, మూతి అలా ముడుసుకుని కూకున్నావు? ఏటీ, సంతోసం అంటే ఏటో ఎవులూ సెప్పనేదా? దానికి నన్నడుగుతావేటే. నీకు సోములమ్మ తెల్దు గదా. నువ్వు పుట్టకముందే పోనాది. అరకు అవతల, మా గేంగు గుడిసెలకాడ, రైలు పట్టాకి ఆనుకునే దాని ఊరు. నానప్పుడు కీమేన్ని. అంటే సుత్తి భుజానేసుకుని రోజూ పట్టా ఎంబడి నడిసి, వదులైన కీలు కొట్టుకుంటూ పోవాల. కొత్త ఉద్యోగం, కొత్త పెళ్ళాం. మీ మామ్మేలే, ఇంకెవులు. ఆ ఉద్యోగం కోసం మా అయ్య ఎక్కని గుమ్మం నేదు. సరే, అదొగ్గీ. సోములమ్మ ఎలాటిదంటే, వాన పడితే "సోళ్ళ సేనుకి మంచిది బాబూ" అనేది, పడకపోతే "సింతపండు బేగి ఎండుతాది" అనేది. ఓపాలి గాలికి ఇంటి కప్పు సగం ఎగిరిపోనాది. అయ్యో పాపం అని ఎల్తే, "ఎలాగూ ఈ ఏడు కొత్త గడ్డి కప్పాల గదా, పాతది పీకే పని తప్పింది" అన్నాది. నాకు ఒళ్ళు మండేది. మనిసన్నాక కాస్త ఏడవాలా వద్దా?

మరి సైత్రంలో సోములమ్మ వోళ్ళకి ఇటికల పండగ. మగోళ్ళందరూ అడివికి ఏటకెల్లిపోతారు. ఆడోళ్ళు ఊరి పొలిమేరకాడ దారికడ్డంగా దుంగెట్టి, వచ్చేపోయేవోళ్ళని ఆపుతారు. ఏదో ఒకటి సేతిలో ఎట్టాల, నేదంటే ఆళ్ళ నడుం ఎనకాల సేతులేసి వరసలో థింసా ఆడాల. ఆఫీసరు జీపైనా అంతే. ఆ ఏడు నాను పట్టా ఎంబడి వస్తన్నానా, మలుపు తిరిగి సూద్దును గదా, పట్టా మీద దుంగ. ఎనకాల సోములమ్మ, దానితో ఓ పదిమంది, కొప్పుల్లో పువ్వులూ. పక్కన ఏటకెల్లనేని ముసలి సోంబరు, డప్పేసుకుని. ఏటి సోములమ్మా ఇది అన్నాను. "రైలు రోజూ మన పొలిమేర దాటతాది, ఒక్క ఏడూ పండక్కి ఏటీ ఇవ్వనేదు బాబూ" అన్నాది. అది మనిసి కాదు గదా అన్నాను. "లోపల మనిసి నేడేటి?" అన్నాది. దుంగ లాగబోతే నలుగురు ఎక్కి కూకున్నారు. అంతలో హారను. నా పై ప్రాణాలు పైనే పోనాయి. ఎర్రజెండా ఊపుకుంటూ ఎదురు పరిగెట్టేను. మనుసులు దక్కితే సాలు, ఉద్యోగం ఎలాగూ పోనాది, మీ మామ్మకి ఏ మొగం సూపించాల అనుకుంటూ పరిగెట్టేను.

గూడ్సు ఖాళీ పెట్టెల్తో మెల్లిగా ఎత్తు ఎక్కుతోంది గాబట్టి ఆగింది. డ్రైవరు తాతారావని, అనకాపల్లి మనిసి. దిగేడు, మొగం కందగడ్డ. "ఒరే కీమేను, రేపీపాటికి నీకు ఉద్యోగం ఉండదు, దీన్ని జైల్లో ఎట్టిస్తాను" అన్నాడు. నాను దణ్ణాలెట్టేను. సోములమ్మ మాత్రం "ఎట్టిద్దువు గానీలే బాబూ, ముందాడు" అని అతగాడి నడుం ఎనకాల సెయ్యేసింది. అటుపక్క ఇంకొకర్తి. సోంబరు డప్పందుకున్నాడు. తాతారావు ఇదిలించుకున్నాడు, తిట్టేడు, తిడుతూనే ఓ అడుగేసేడు. అది కాస్తా వంకరగా పడింది. ఆడోళ్ళు నవ్వేరు. ఆడికీ నవ్వాగనేదు. బండి సివర్నించి గార్డు రొప్పుకుంటూ వొచ్చి, ఏటయిందని అడగబోయి, బూట్లిప్పేసి వరసలో సేరిపోయేడు. నానూ జెండా సేత్తోటే ఆడేను. ఎంత సంతోసమే గుంటా, నా పెళ్ళిలో కూడా అంత నేదు. మీ మామ్మకి సెప్పకు.

ఆడడం అయ్యాక దుంగ అందరం కలిసే తీసేం. తాతారావు సెమట తుడుసుకుని, "పట్టా మీద దుంగ పడుంటే ఆపేనని సెప్తాను, అబద్ధం కాదు గదా" అని ఇంజనెక్కేడు. అలా నిలబడిందిలే నా ఉద్యోగం. ఆ సాయంత్రం ఉండబట్టలేక సోములమ్మని అడిగేను. ఆడు నిజంగా జైల్లో ఎట్టించుంటే ఏం సేద్దువే అని. సోళ్ళు సెరుగుతోంది. సేట ఆపనేదు, తలెత్తనేదు. "ఎట్టిస్తే ఎట్టించేవోడు బాబూ. అప్పటికే థింసా ఆడేసేం గదా" అన్నాది.

ఏటే, నవ్వొచ్చిందేటి? లే, ఎల్లి ఆ కోళ్ళని గంపకింద మూసిరా, మబ్బట్టింది.