గుంట పూడుతోంది అనుకుంటిని

హలో… ఆ, నేనే… మీ వదినె మునియమ్మని. పెట్టెయ్యవాకు జెయంతీ… ఫోన్ పెట్టెయ్యవాకు.

…

విరుదునగర్‌లో ఆసుపత్రినించి మాట్లాడతా ఉండా. తమ్ముణ్ణి పొద్దున కోవిల్‌పట్టినించి ఆంబులెన్సులో తెచ్చి చేర్చినాం.

…లేదు, లేదు, ఉండాడు. కండ్లు తెరస్తాడు, మూస్తాడు. పిలిస్తే 'ఊఁ' అంటాడు. అంతే.

ఎట్లా చెప్పేది… నీవు బయపడిందే అయింది.

ఆ. తలలో నీరు.

డాక్టరమ్మ స్కాన్ చూపించింది. బండి మీంచి పడినప్పుడు లోపల రక్తం కారింది కదా, ఆపరేషన్‌లో ఎముక తీసేసినారు కదా… అట్లాంటోళ్లకి తర్వాత నీరు చేరేది ఎక్కువంట. "ఇంటికి పంపేటప్పుడే చెప్పింటారే, మీకెవరూ చెప్పలేదా?" అనె.

…నేనేం చెప్పేది? "మా మరదలు చెప్పె, నేనే వినలా" అంటిని.

…నిజంగానే. అందరి ముందరా.

కాళ్లు ఈడ్చి నడస్తా ఉండాడు అంటివి. పక్క తడుపుతా ఉండాడు, ఆసుపత్రికి పోదాం అంటివి. నేను… "మొగుడి గుడ్డలు ఉతికేదానికి అసింగమా, రోతా నీకు, పో మీ అమ్మింటికి" అని…

…అవును. వీదిలో నిలబడి అంటిని. నేను పనికి పోయే అగ్గిపెట్టె కంపెనీలో కూడా అందరితో చెప్పుకుంటిని, మొగుణ్ణి వదిలేసి పోయిందని. …అదీ నీ చెవిన పడిందా?

…

తలలో ఎముక తీసిన చోట గుంట ఉండె చూడు… అది పూడతా వచ్చె. మాంసం పడతా ఉంది, తమ్ముడు తేరుకుంటా ఉండాడు అని సంతోషపడితిని. ఇసక్కి అమ్మకి పొంగలి పెడతానని మొక్కుకుంటిని. అది లోపల నీరెక్కి ఉబ్బిందంట, జెయంతీ.

ఇంగొకటి చెప్పల్ల. నీవు కడంబూరుకి మీ అమ్మింటికి పోయినాక… పోయిన శుక్రవారం, మళ్లీ పక్క తడిపినాడని… కొడితిని.

…చేత్తోనే. వీపు మీద. వాడు చెయ్యి కూడా అడ్డం పెట్టలా. నన్ను చూసి నవ్వె.

…

జెయంతీ? …ఉండావా?

…

రేపు పొద్దున ఆపరేషన్. తలలోనించి కడుపులోకి సన్న గొట్టం, చర్మం కిందే పెట్టి నీరు దించుతారంట. మళ్లీ నడుస్తాడా అని అడిగితిని. "ముందే తెచ్చింటే బాగుండె" అనె. అంతకు మించి ఏమీ అనలా.

నడక ఏనాటినించి మారిందని అడుగుతా ఉండారు. నాకు తెలీదు. నేను సరిగా చూసింటే కదా… నీకు తెలుసు.

…ఆడి నెల అమావాస్యకి ముందు రోజా? అంటే… అయిదు వారాలా! అయ్యో తల్లీ… సరి. నర్సమ్మకి అట్లే చెప్తా. తగ్గించి చెప్పను.

ఆపరేషన్ కాగితంలో సంతకం నన్ను పెట్టమనిరి. నేను పెట్టలా. "పెండ్లాం ఉండాది, అది వచ్చి పెడుతుంది" అంటిని… వస్తావా? నా మొగం చూడనక్కర్లా. నేను కింద గేటు దగ్గర కూసుంటా.

…

ఇప్పుడే బయలుదేరతావా? …సరి… సరిమ్మా.

…వాడితోనా? వాడు మాట్లాడడు తల్లీ, వింటాడో లేదో కూడా… సరి. పెడతా. చెవి దగ్గరే పెడతా, ఉండు.

మారీ… రే మారిసామీ… ఇదో, జెయంతి. నీ పెండ్లాం.

…కండ్లు తెరిచినాడు. మాట్లాడమ్మా. ఫోన్ దిండు మీద పెట్టి నేను బయట నిలబడతా.