ఎర్రగా పెట్టిన సెలవు

అక్క తెల్ల చేతికర్రను తలుపు మూలన ఆనించి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది. కంప్యూటర్ ముందున్న తమ్ముడు తల తిప్పాడు.

"అప్పుడే వచ్చేశావేం? డాక్టర్ చూశాడా?"

"ఇవాళ రాడటరా. రెండు బస్సులు మారి వెళ్ళి, వేసిన తాళం తడిమి వచ్చాను."

"సెలవని ఆసుపత్రి పేజీలో నేనే పెట్టానుగా అక్కా! అన్నిటికన్నా పైన, ఎర్రగా, ఇంతింత అక్షరాలతో!"

"నా ఫోను పేజీలో మాటలు చదివి వినిపిస్తుంది గానీ, రంగులు చదవదురా. హెడింగులుంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి గెంతుతాను. నీ పేజీలో ఒక్కటీ తగల్లేదు."

అతను కోడ్ తెరిచాడు. ఇది హెడింగ్ అని ఫోనుకు చెప్పే ట్యాగ్ అన్నది ఎక్కడా లేదు. అన్నీ ఉత్త డబ్బాలే. వాటికే సైజు పెంచి, రంగు పూసి, హెడింగుల్లా కనిపించేలా చేశాడు. సెలవు మాటైతే కోడ్‌లో, అంటే ఫోను చదివే వరుసలో, అట్టడుగున ఉంది. స్టైల్‌తో కంటికి మాత్రం పైకి లాగి చూపించాడంతే.

"చూసినవాళ్ళంతా బాగుందన్నారు," అన్నాడు నీరసంగా.

"చూసినవాళ్ళు అనే ఉంటారు."

అతను కుర్చీని అక్క వైపు తిప్పాడు.

"ఈ పేజీ పెట్టి ఏడాది దాటింది. ఆసుపత్రికి వెళ్ళే ముందు ప్రతి నెలా తెరుస్తావు కదా. ఒక్కసారైనా నాతో అనొద్దూ?"

"మా తమ్ముడు చేశాడని ఊరంతా చెప్పుకున్నాను. ఇక నీతో ఏమననురా? ప్రతిసారీ మొదట్నుంచి చివరిదాకా మొత్తం వినేదాన్ని."

అక్క వంగి చెప్పులు విప్పుకుంది.

"ఇవాళే, ఓపిక లేక మధ్యలో ఆపేశాను."