మెట్ల మీద నాన్న

సేవాకేంద్రం నుంచి వచ్చే అమ్మాయి చెత్తబుట్ట పట్టుకుని తలుపు తీసేసరికి, పొద్దున పార్కుకని బయల్దేరిన ఇంటాయన కింది మలుపులో మెట్టు మీద గోడకి ఆనుకుని కనిపించాడు.

"బాబాయిగారూ! మీరేంటి ఇక్కడ?"

"ష్... మెల్లిగా మాట్లాడమ్మా. లోపలికి వినబడుతుంది."

"మీ అమ్మాయి పండు ఇప్పుడే అన్నం తిని నిద్రపోయింది. పార్కుకి వెళ్ళలేదా?"

"వెళ్ళానుగా. వెళ్ళి... వచ్చేశా. ఎండగా ఉంది."

"బయట వాన పడుతోంది."

"అదే, వాన. నేనేమన్నాను?"

"మరి గొడుగు పొడిగా ఉందే?"

"నువ్వు సేవకొచ్చావా, పోలీసు డ్యూటీకొచ్చావా తల్లీ?"

"పోయిన వారం క్షవరానికన్నారు. జుట్టు ఉన్నది ఉన్నట్టే ఉంది. నిజం చెప్పండి. రోజూ ఇక్కడేనా?"

"రోజూ ఏం కాదు..."

"బాబాయిగారూ."

"ఊఁ. రోజూనే."

"అయ్యో! మీరు కాస్త ఊపిరి పీల్చుకుంటారనే కదా కేంద్రం వాళ్ళు నన్ను పంపేది? పిన్నిగారు పోయిన దగ్గర్నుంచీ అంత ఎదిగిన పిల్లని ఎత్తడం, దించడం, కడగడం, తినిపించడం, అన్నీ మీరే అయిపోయారు. హాయిగా ఏ స్నేహితుడి ఇంటికో పోక, ఈ కాపలా ఏంటి? నా మీద నమ్మకం లేకపోతే ఆ ముక్కే చెప్పండి."

"నమ్మకం లేకేం. జీవితమంతా బస్సు నడిపినవాణ్ణి, చెయ్యి చూస్తే తెలుస్తుంది. నువ్వు దాన్ని పక్క మీద తిప్పుతుంటే చూశాగా, ఒక్క కుదుపు లేదు."

"మరెందుకు?"

"మొదట్లో నేను గడప దాటగానే ఏడ్చేది కదూ?"

"ఏడవడమా? ఇల్లు పీకి పందిరేసేది! 'నాన్నా, నాన్నా' అని. వచ్చిందే ఆ ఒక్క మాటాయె. ఉండండి... అదంతా ఇక్కడ కూర్చుని విన్నారా?"

"విన్నాను."

"విని, లోపలికి రాకుండా ఎలా ఉన్నారండీ?"

"ఇదిగో, ఈ ఊచ పట్టుకుని."

"ఒక్కసారైనా లేవబుద్ధి కాలేదా?"

"ఓ రోజు ఉండలేక లేచాను. తలుపు దాకా వచ్చాను. ఇంతలో నువ్వేదో పాట అందుకున్నావు. అది ఊరుకుంది. మళ్ళీ వచ్చి కూర్చున్నా."

"రాతి గుండెండీ మీది."

"ఇవాళ అడిగిందా నన్ను?"

"నిజం చెప్పనా?"

"చెప్పు."

"అడగలేదు. నా కొంగు పట్టుకుని నవ్వుతూ తింది. బాధపడకండి, మీరు రాగానే..."

"లేదు, లేదు. మంచిదేగా. మంచిదే. పొలమారలేదు కదా?"

"లేదు. ఏదీ, ఇటు తిరగండి. మీ కళ్ళేంటి అంత పచ్చగా ఉన్నాయి?"

"ఈ మెట్ల దగ్గర వెలుతురు అంతే."

"వెలుతురు కాదు. చొక్కా కూడా వేలాడుతోంది ఒంటి మీద. డాక్టరుకి చూపించుకున్నారా?"

"నువ్వొచ్చిన మొదటి రోజు అక్కడికే వెళ్ళాను. నిజంగా ఎక్కడికైనా వెళ్ళింది ఆ ఒక్క రోజే."

"ఏమన్నారు?"

"మందులకీ ఆపరేషన్లకీ కూడా వేళ దాటిపోయిందన్నారు."

"బాబాయిగారూ..."

"మీ కేంద్రం మేడమ్‌తో ఫోన్లో మాట్లాడాను. నా తర్వాత పండుని కేంద్రంలోనే ఉంచుకుంటారట. అక్కడ నువ్వుంటావుగా. ముందే నీ చేతి ముద్ద అలవాటు కావాలని, ఆ మర్నాటి నుంచి అడిగి మరీ రోజూ నిన్నే వేయించుకుంటున్నా."

"అంటే మీరు రోజూ బయటికొచ్చి కూర్చునేది..."

"నేను లేకపోవడం దానికి కొంచెం కొంచెంగా నేర్పుతున్నానమ్మా. ఒక్కసారిగా అయితే తట్టుకోలేదు."

"నాకెందుకు చెప్పలేదండీ? ఇన్నాళ్ళూ ఒక్కరే..."

"అదిగో, నిద్రలో కదిలింది. ఏడవకు తల్లీ, తలుపేసుకుని లోపలికి పో. లేచి నన్ను చూసిందంటే, మళ్ళీ మొదటికొస్తుంది."