గుండీల పేజీ

ఏదీ, ఆ ఫోను ఇటియ్యి, ఇంకోసారి చూపియ్యి. జర దూరం పట్టుకో బిడ్డా, దగ్గర పెడితె నాకు అన్నీ ఈగలు వాలినట్టు కనబడతయ్. ఆఁ, గుడ్డ పుస్తకం. గుడ్డ పేజీలు, జిప్పు, లేసు, హుక్కులు, చిన్నపిల్లలు వేళ్ళు పెట్టి నేర్చుకునేటిది. ఇదేదో కొత్తగ వచ్చిందనుకుంటున్నవు నువ్వు. సృజనా, నువ్వు పుట్టకముందు, ఇదే సౌదీల, ఈ హుఫూఫ్‌లనే, నేనూ హాజిరా కలిసి ఇసుమంటిది కుట్టినం. నీ పాపకు కుట్టిస్త, ఎందుకు కుట్టియ్య, కండ్లు మాట వినాలె గని. హాజిరా ఎవరా? చెప్పలేదా నీకెన్నడు? చెప్పిన అనుకున్న. మా ఆయనకు చెప్పి చెప్పి, ఆయన వినుడు బంద్ చేసిండు, ఇగ లోకమంతకు చెప్పిన అన్న లెక్కల ఉన్న నేను.

హాజిరాది బోధన్. నాదీ ఆ పక్క ఊరే, కానీ అక్కడ ఒకరి మొకం ఒకరం చూసింది లేదు, ఇక్కడికి వచ్చినంకనే. అప్పుడు మా ఆయన, ఘనీ సాబ్, ఒక షేక్ ఖర్జూరం తోటల లారీ నడిపేటోడు. ఆ షేక్ ఇంటి వెనక గోడకు ఆనుకొని మాకో అర్ర. హాజిరా ఆ ఇంట్ల పనికి వచ్చింది, ఎనభై ఎనిమిదిల. తొమ్మిదా? కాదు, ఎనిమిదే. మొగడు సచ్చిపోయిండు, ఏడాదిన్నర బిడ్డ షబ్నమ్‌ను తల్లి కాడ పెట్టి వచ్చింది. రెండేండ్ల కాంట్రాక్టు. ఇరవై మూడో నాలుగో ఉంటయ్ దానికి, సన్నగ, ముక్కు మీద కోపం, చేతికుట్టు మాత్రం మిషన్ సిగ్గుపడాలె. నన్ను ఆపా అనేది. ఆ ఇంట్ల ఒక్కతే పిల్ల, నూరా. షబ్నమ్ ఈడుదే, నెల అటో ఇటో. హాజిరా తినిపిస్తెనే ఆ పిల్లకు అన్నం దిగేది, హాజిరా తొడిగితెనే గౌను. తల్లి తొడగబోతె చేతులు కట్టెలోలె బిగబట్టేది. మదామ్, అదే షేక్ పెండ్లాం, నవ్వేది, కానీ ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. ఏ తల్లికి నచ్చుతది అది?

తొంభైల కాంట్రాక్టు అయిపోయింది. అప్పుడే కువైట్ మీదికి ఇరాకోళ్ళు వచ్చి పడ్డరు. లోకమంత గడబిడ, సామాన్లు మూటగట్టి పోయేటోళ్ళు పోతుండ్రి. హాజిరా మదామ్‌ను అడిగింది, నాకు ఎగ్జిట్ వీసా కొట్టించి పంపియ్యి, నా బిడ్డ కాడికి పోత అని. పాస్‌పోర్టు షేక్ దగ్గరుండె, మా అందరివీ ఆయన దగ్గరనే. మదామ్‌కు అప్పుడు మూడో నెల. చెడ్డ మనిషి కాదు మల్ల, అట్ల అంటె నాకు పాపం తగులుతది. ఇంకో బిడ్డ వస్తుంది, ఈ పిల్ల చూస్తె తన గౌను తాను తొడుక్కోదు, ఆమె భయం ఆమెది. మన హిందీ, వాళ్ళ అరబ్బీ కలగలిపి మాట్లాడేది. 'నూరా బటన్ ఖుద్ లగాయే, తుమ్ రూహ్ హింద్, ఖలాస్' అన్నది చేతులు దులుపుకుంట. నూరా తన గుండీలు తాను పెట్టుకున్ననాడు నువ్వు మీ దేశం పో, అయిపోయింది, అని. హాజిరా ఉరికొచ్చి నాకు చెప్పింది, అదేదో పరీక్ష పెట్టిన్రు, పాసయితె చాలు అన్నట్టు. నాకు మండింది. ఒక మనిషి తన ఇంటికి తాను పోవాలంటె నాలుగేండ్ల పిల్ల గుండీలు పెట్టుకోవాల్నా, ఇదేం కాయిదా అన్న. నువ్వు ఊకో ఆపా అన్నది. ఊకోక ఏం చేస్తం, మా పాస్‌పోర్టులు సుత ఆ బీరువలనే ఉండె.

గౌను మీద నేర్పితె పిల్ల నిలబడదు, గుంజుకొని ఉరుకుతది. ఒళ్ళె పెట్టుకొని ఆడుకునేటట్టు పుస్తకం లెక్క చేస్తె? అని హాజిరాకే తట్టింది. ఎవరింట్లనన్న చూసిందో, బుర్రల నుంచే వచ్చిందో నేను అడగలే. ఘనీ సాబ్ పాత తోబులు, ఆ పొడుగు తెల్ల అంగీలు, రెండు చించినం. ఆయనకు చెప్పలే. నెల దాక వెతికిండు పాపం. నడుమ కంబలి ముక్క పెట్టి బొంత లెక్క మందంగ కుట్టినం. ఒక పేజీల డేరా, దానికి జిప్పు, జిప్పు తీస్తె లోపల ఒంటె. ఒంటె కంటె మేకనే అనాలె దాన్ని, నేను కుట్టిన అది. ఇంకో పేజీల లేసు కట్టే బూటు. ఇంకోదాంట్ల ఖర్జూరం చెట్టు, టిచ్ బటన్లతోని పండ్లు, తెంపాలె, మల్ల అతికియ్యాలె. ఇంతల ఇరాకోళ్ళు విషగ్యాసు వదుల్తరని మాస్కులు పంచిండ్రు, గ్యాసు మాస్కులు, తొండం తెగిన ఏనుగు మొకమోలె. నూరా వాటిని చూసి మంచం కిందికి దూరింది. హాజిరా ఒక పేజీల బొమ్మ మొకం కుట్టి, దానికి నల్లగుడ్డ మాస్కు పెట్టి, రెండు దిక్కుల ఎలాస్టిక్ వేసింది. పిల్ల బొమ్మకు తొడిగి తొడిగి, ఒకనాడు తనే తొడుక్కున్నది. షేక్ అందరికి చెప్పుకొని మురిసిండు. పేజీకో వారం, పది రోజులు, గట్ల అన్నీ నేర్చుకుంది పిల్ల. గుండీలే మిగిలినయ్.

ఆఖరి పేజీల ఎర్రగౌను, నాలుగు పెద్ద గుండీలు. ఆ గుండీలు దూరే కాజాలు మాత్రం హాజిరా నాకిచ్చింది, నా కాడ జపాన్ మిషన్ ఉండె, కాజా దానంతటదే కుట్టేది. ఇక్కడ జర మనసు పెట్టి విను. మన దిక్కు చేతితోని కాజా ఎట్ల చేస్తరు? ముందు గుడ్డ కోస్తరు, కోసిన అంచు చుట్టు దారం తిప్పుతరు. దారం ముడేసినమంటె పని అయిపోయినట్టు. మిషన్‌ది ఉల్టా. ముందు రెండు దిక్కుల కుడతది, కుట్టినంక నడుమ మనం బ్లేడుతోని కొయ్యాలె. కోయకపోతె చూడనీకె అచ్చం కాజానే, గుండీ మాత్రం దూరది. నేను నాలుగూ కుట్టిన. కుడుతుంటెనో, కుట్టుడు అయినంకనో, సైరన్ మోగింది. పొద్దుగూకి, మగ్రిబ్ నమాజ్ అయినంక. యుద్ధం మొదలై రెండో రోజో మూడో రోజో. కిటికీలకు ప్లాస్టిక్ అంటించిన అర్రల పోయి మాస్కులు పెట్టుకొని కూసున్నం, ఘనీ సాబ్ ఏదో చెప్తుండు, నాకు గుడ్లగూబ మాట్లాడినట్టుంది. బ్లేడు నా చేతుల ఉండె. ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెప్త, బ్లేడు నా చేతులనే ఉండె. కోసినంక ఉండెనా, కోసే ముందు ఉండెనా, అదే తెల్వది. తెల్లారి హాజిరా వచ్చి పేజీ తీస్కపోయింది, పుస్తకంల కలిపి కుట్టింది.

ఆ దినమే మదామ్ పిల్లను ముందట కూసోబెట్టుకొని పుస్తకం తెరిచింది. నేను లేను, హాజిరా చెప్పిందే. డేరా తీసింది, బూటు కట్టింది, పండ్లు తెంపి అతికిచ్చింది. గౌను కాడికి వచ్చి గుండీ పట్టుకొని నూకుతది, నూకుతది, పోదు. ఏడ్చి పుస్తకం విసిరేసింది. మదామ్ జన్మల సూది పట్టినామె కాదు, ఆమెకేం తెలుస్తది, యుద్ధమైనంక చూద్దాం అన్నది. దానికి రాలే ఆపా, అన్నది హాజిరా నాతోని. అంతే అన్నది. ఏడ్వలే. నేనే ఏడ్చిన. రెండు రోజులకు వాళ్ళు జిద్దాకు పోవుడు ఖాయమైంది, మదామ్ తల్లిగారింటికి, రాకెట్లు అంత దూరం రావని. హాజిరా వాళ్ళతోనే.

బండి ఎక్కేముందు ఉరికొచ్చి పుస్తకం నా చేతుల పెట్టింది. ఒక్క మాట అన్నది. "కాజాలు బాగ కుట్టినవు ఆపా." పోయి బండిల కూసున్నది. నేను గుండీల పేజీ తెరిచి చూస్తె నాలుగు కాజాలు ముద్దుగ ఉన్నయ్, ఒక్కటి కోసిలేదు. బండి ఇంకా గేటు కాడనే ఉన్నది, షేక్ పైన పెట్టెలకు తాడు కడుతుండు. బ్లేడు ఇంట్ల ఉన్నది. ఉరికి పోయి, మదామ్, పిల్ల తప్పు కాదు, నా తప్పు, ఇగో కోస్తున్న, ఇప్పుడు పెట్టించు, అంటె అయిపోతుండె. నాలుగడుగులు వేసిన సుత. అప్పుడు అనిపించింది, ఇది నేను మర్చిపోయిందేనా? ఎందుకంటె హాజిరా ఏ పేజీ అయినా పిల్లకు ఇచ్చే ముందు తాను పదిసార్లు పెట్టి తీసి చూసేది. ఈ ఒక్క పేజీ చూడలేదా? చూసి ఊకున్నదంటె, దానికి ఇంటికి పోవుడు ఇష్టం లేదన్నట్టు. అప్పుడు నేను నోరు తెరిస్తె దాన్ని ముంచినట్టు. చూడలేదంటె, నేను నోరు తెరవకపోతె ముంచినట్టు. ఎటు తిరిగినా నేనే ముంచేది. పుస్తకం బండి అద్దం దిక్కు పట్టి, కాజా మీద వేలు పెట్టి చూపిచ్చిన. హాజిరా నన్ను చూసింది, తల ఊపింది. మన తల ఊపుడు నీకు తెలుసు గద, అవునంటె అట్లనే, కాదంటె అట్లనే. నూరా దాని ఒళ్ళె నిద్రపోతుంది. బండి పోయింది.

ఘనీ సాబ్‌ను అడుగు, నువ్వే మర్చిపోయినవు, కూరల ఉప్పే మర్చిపోతవు అంటడు. ఉప్పు వేరు, ఇది వేరు. చేతికాజాకు అలవాటైన చెయ్యి నాది, కుట్టుడు అయిపోయిందంటె పని అయిపోయిందనుకుంటది చెయ్యి, నిజమే, ఒప్పుకుంట. మరి హాజిరా కండ్లకేమైంది? అది మర్చిపోయే మనిషి కాదు, నేను మర్చిపోయే మనిషిని. పొద్దున లేస్తె షబ్నమ్, షబ్నమ్ అనేది, ఇక్కడ బజార్ల పిల్లల చెప్పులు కనబడితె చేతితోని కొలిచి చూసేది. అసుమంటిది ఎందుకు ఆగుతది? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. అదే దినం, బండి పోయినంక, నేను కూసోని నాలుగు కాజాలు కోసిన. ఎందుకు కోసిన? ఏమో. గుండీ పెడితె చక్కగ పట్టింది. ఇప్పుడు ఆ పుస్తకం చూసి సుత ఎవరూ ఏం చెప్పలేరు. ఉన్న ఒక్క సాక్ష్యం పాడుచేసినవు అంటడు ఘనీ సాబ్, పెద్ద వకీలోలె.

యుద్ధం ఒడిసినంక వాళ్ళు ఇటు తిరిగి రాలే, జిద్దాలనే ఉండిపోయిన్రు. తోట షేక్ తమ్ముని చేతికి వచ్చింది. తొంభై మూడుల మేము ఉమ్రా యాత్రకు మక్కా పోయి, అటే జిద్దా చూసినం. అక్కడి షరఫియా బజార్ల మనోళ్ళ దుకాణాలన్నీ తిరిగిన నేను. కడపాయన ఒక దర్జీ, పేరు నన్నే సాహెబ్, ఆయన చెప్పిండు, ఒకామె గుడ్డ ముక్కలకు వస్తుండె, వెంట ఒక అరబ్బు పిల్ల, గొంతుదాక గుండీలు పెట్టుకొని బుద్ధిగ నిలబడేది అని. ఆ గుండీలు ఎవరు పెట్టిన్రో అడగాలని నోటిదాక వచ్చింది. ఏమని అడుగుతవ్? పిచ్చిది అనుకుంటడు. ఆర్నెల్లాయె, ఈ మధ్య వస్తలేదన్నడు. ఇంటి అడ్రస్ తెల్వదన్నడు.

మల్లేడు సెలవు మీద పోయినప్పుడు బోధన్ల దాని తల్లి ఇల్లు వెతుక్కుంట పోయిన, పుస్తకం పట్టుకొని. ముసలామె నన్ను పట్టుకొని, ఎప్పుడొస్తది మా హాజిరా, సచ్చిపోయిన మొగనికి అన్న ఉన్నడు గద, ఆయన దాన్ని నిఖా చేసుకుంటనని ఇంకా చూస్తుండు, యుద్ధం కంటె ముందే క్యాసెట్ల చెప్పి పంపినం గద, అన్నది. అప్పట్ల ఉత్తరాలు రాయరానోళ్ళు క్యాసెట్లల్ల మాట్లాడి పంపుకునేటోళ్ళు. హాజిరా క్యాసెట్ నా ముందట్నే వినేది, ఒక్కటి మాత్రం టేపు చెవికి ఆనించుకొని విన్నది, ఏందే అంటె ఏం లేదు ఆపా, అమ్మకు దగ్గు అన్నది. ఈ ముచ్చట నాకెన్నడు చెప్పలే. అంటె ఆ నిఖా ఇష్టం లేక కావాలనే ఊకున్నదని అనుకోవాల్నా? మరి షబ్నమ్? బిడ్డను వదులుకొని ఎట్ల ఊకుంటది? లేకుంటె నేను మర్చిపోతె, అదే మంచిగాయె అనుకున్నదా? తొంభై ఆరుల క్యాసెట్లు సుత ఆగినయట. మక్కాల జ్వరమొచ్చి పోయింది, అక్కడనే మట్టి చేసిన్రు అని ఎవరో అన్నరంటడు ఘనీ సాబ్. కండ్లతోని చూసినోళ్ళు ఒక్కరు లేరు.

అది కాదు నేను చెప్పేది. నేను బోధన్ పోయిన పొద్దు షబ్నమ్ ఆ ఇంట్లనే ఉండె. ఏడేండ్లది, అచ్చం తల్లి ముక్కు. పుస్తకం ఇస్తె పేజీలు తిప్పింది, ఒంటెను చూసి మేక అన్నది. ఎర్రగౌను కాడ ఆగి, నా మొకం చూసుకుంటనే, పుస్తకం దిక్కు చూడకుండనే నాలుగు గుండీలు టకటక పెట్టేసింది. మల్ల తీసేసింది. అప్పుడడిగింది. "నూరాకు గుండీలు పెట్టుకునుడు రాంగనే వస్తనని అమ్మ క్యాసెట్ల చెప్పింది. నూరాకు వచ్చిందా?"

వచ్చిందంటె, మరి మా అమ్మ ఎందుకు రాలే అంటది. రాలేదంటె, వచ్చేదాక ఎదురుచూసుకుంటనే ఉంటది. ముసలామె సుత నా దిక్కే చూస్తుండె. నేను ఏదో అన్న బిడ్డా. అన్న, నోరైతె తెరిచిన. ఏమన్ననో...

నీ పాప ఏ రంగు అంటె ఇష్టపడతదన్నవు? పచ్చనా? పచ్చ గుడ్డ ఉన్నది లోపల, ఆగు.