వరస చెడగొట్టిన పిల్ల

హలో… ఆ, నేనే. మీ అక్కనే. పెట్టెయ్యకు.

సిగ్గనేది ఉందట్రా మీకు? నీకూ, నీ పెళ్ళానికీ, ఆ డాన్స్ టీచరమ్మకీ… ముగ్గుర్నీ కలిపే అడుగుతున్నా. డాన్స్ నేర్చుకోడానికి పంపిన పిల్లని స్టేజి మీద స్తంభంలా నిలబెడతారా?

…ఏ పిల్లేంటి! నీకెంతమంది ఉన్నార్రా? నీ కూతురు. మన పిట్ట.

…బిజీ అయితే నాకేంటి? నేనేమన్నా ఖాళీగా కూచున్నానా? …ఆ చప్పుడా, దుప్పట్లుతికే మిషను. ఇవాళ రెండు వార్డుల దుప్పట్లు ఒక్కసారే వచ్చి పడ్డాయ్. ఇస్త్రీ రోలరు దగ్గర పక్కమ్మాయిని నిలబెట్టి, ఆసుపత్రి వెనక మెట్ల మీదకొచ్చి మాట్లాడుతున్నా. సూపర్‌వైజరు చూస్తే చూడనీ.

నువ్వెక్కడున్నావ్? …డాన్స్ షో హాల్లోనే కదా. కెమెరా బిగిస్తున్నావా? …బిగించుకో. చెవులు ఖాళీగానే ఉన్నాయిగా, విను.

నిన్న సాయంత్రం మీ ఇంటికెళ్ళా. నువ్వు లేవు. లోపల గదిలో, బీరువా పక్కన, పిట్ట నిలబడుంది. రెండు చేతుల్తో అన్నం పళ్ళెం నెత్తి మీదకి ఎత్తి పట్టుకుంది. కదలదు. పిలిస్తే పలకదు. హడలిపోయాన్రా… వాళ్ళమ్మ ఏదన్నా శిక్ష వేసిందేమో అని. కాదట. ప్రాక్టీసట!

…నవ్వకు. ఇంకోసారి నవ్వావంటే అక్కడికొచ్చి ఆ కెమెరా స్టాండు కాళ్ళు విరిచేస్తా.

'నాకు చందమామ వేషం ఇచ్చారత్తా. అట్ట చందమామ పట్టుకుని, పాటయ్యేదాకా కదలకూడదు' అంది. డాన్స్ క్లాసుకెళ్ళే పిల్ల, కదలకుండా ఉండటం ప్రాక్టీసు చేస్తోందిరా! ఎక్కడన్నా విన్నావా? ఈత నేర్పుతామని తీసుకెళ్ళి, గట్టు మీద తువ్వాళ్ళకి కాపలా పెట్టినట్టుంది.

నీ పెళ్ళానికేమో మళ్ళీ గొప్ప. 'మా పిల్లకి స్పెషల్ వేషం వదినా' అంటోంది. స్పెషల్!

…ఏంటీ? 'క్లాసుకి పంపుతున్నాం కదా, పిల్లలకి మంచిదే కదా' నా? ఏది మంచిది, చెప్పు. …నీకెలా తెలుస్తుంది? నువ్వెప్పుడన్నా ఆ గుమ్మం తొక్కితే కదా! నా సెలవు రోజంతా అక్కడ, మెట్ల మీద, చెప్పుల గుట్ట పక్కన కూచునేది నేను. గోడ మీద బోర్డు కూడా నోటికొచ్చేసింది. ధైర్యం, ఏకాగ్రత, చురుకుదనం. అది చదివే కదా చేర్పించా. మంచేంటో నన్నడుగు.

పిట్ట అప్పట్లో మెట్లు ఎలా దిగేది, మర్చిపోయావా? కూచుని దిగేది. కమ్మీని రెండు చేతుల్తో పట్టుకుని, ఒక్కో మెట్టే జరుక్కుంటూ. ఇప్పుడో? దూకుతోంది. ఓ రోజు పడింది కూడా. పడి, లేచి, గౌను దులుపుకుని 'నువ్వు చూళ్ళేదు కదత్తా' అంది.

బళ్ళో పేరడిగితే బూట్లు చూసుకునేది. మొన్న నాతో పాల దుకాణానికొచ్చింది. ఒక పెద్దాయన దర్జాగా మా ముందుకొచ్చి నిలబడ్డాడు. నేను నోరు తెరిచేలోగా ఇది ఆయన చొక్కా పట్టి లాగింది. 'అంకుల్, మేం ముందొచ్చాం' అని. ఆ అంకుల్ మొహం చూడాలి! …ఆ, జరిగాడు. జరక్కేం చేస్తాడు?

అన్నం సంగతి నీకే తెలుసు. ఒక ముద్ద బుగ్గన పెట్టుకుని టీవీ సీరియల్ అయ్యేదాకా నానబెట్టేది. ఇప్పుడు క్లాసు నించి రాగానే గిన్నెల మూతలు తీస్తోంది. లైటు ఆర్పితే ఏడ్చేది… ఇప్పుడు మాట పూర్తి కాకముందే నిద్రపోతోంది. పక్క పిల్ల అడుగు మర్చిపోతే, తనొక్క క్షణం ఆగి, చెయ్యి పట్టి కలుపుకుంటోంది. ఎవరు చెప్పారు దానికి? ఏ టానిక్కు తాగితే వచ్చింది? ముందు కాళ్ళకొచ్చిందిరా ధైర్యం, తర్వాత నోటికెక్కింది. నా ఒళ్ళు నా మాట వింటుందని ఒక్కసారి తెలిసిన పిల్ల అంత తేలిగ్గా ఎవడికీ బెదరదు. అదీ లాభం. బోర్డు మీద రాసుకోమను.

అలాంటి దాన్ని తీసుకెళ్ళి అట్ట ముక్క వెనక దాచారు కదరా!

…ఒక్క షోయే కదా అంటావా? ఆ ఒక్క షో ఏం చేసిందో తెలుసా? మళ్ళీ గోళ్ళు కొరుకుతోంది. నిన్న నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, 'వచ్చే వారం నువ్వు సెలవు పాడు చేసుకోకత్తా. నేనింక వెళ్ళను' అంది. ఇవాళ కూడా ఆ అట్ట పట్టుకుని నిలబడిందనుకో, అయిపోయింది. మళ్ళీ కూచునే దిగుతుంది మెట్లు. చెప్తున్నా.

…వార్షికోత్సవం. ఆ. పెద్దవాళ్ళొస్తారు. ఆ. వీడియో బాగుంటే వచ్చే ఏడు ఇంకా పిల్లలు చేరతారు. ఛీ! పిల్లలా, దుకాణం అద్దాల్లో పెట్టే బొమ్మలా? బాగా చేసేవాళ్ళు ముందు, తడబడేవాళ్ళు చాటుకి. తడబడకపోతే ఇంక నేర్చుకోడమెందుకు, క్లాసెందుకు, మీరెందుకు?

ఆవిడకివ్వు ఫోను. …ఇవ్వరా. పిల్లలకి నేర్పే మనిషి ఒక పిల్లని అలా ఎలా తీసేసిందో ఆవిడ నోటితోనే వింటా. …ఎందుకలా నీళ్ళు నములుతున్నావ్?

…ఏంటీ?

మళ్ళీ అను. …టీచరమ్మ కాదా?

…నువ్వా?

…ఉండు. ఉండు. నన్ను అర్థం చేసుకోనీ. రిహార్సల్ రోజు ఆ హాల్లో నువ్వు కెమెరాలోంచి చూస్తున్నావ్. అందరూ ఒక పక్కకి తిరిగితే చివరి పిల్ల నీ వైపు తిరుగుతోంది. వరస చెడిపోతోంది. వీడియోలో వంకరగా పడుతోంది. అందుకని… ఏమన్నావ్? …కాదు, నాకా మాటే కావాలి. అన్నది అన్నట్టు చెప్పు.

…'ఆ ఎర్ర రిబ్బనుని పక్కకి తీసెయ్యండి.'

ఎర్ర రిబ్బను.

…అలవాటా! పెళ్ళిళ్ళలో 'నీలం చొక్కా జరగండి, పసుప్పచ్చ చీర వెనక్కి' అని అరిచీ అరిచీ, కన్నకూతురు కూడా రిబ్బనైపోయిందా నీకు? ఆ రోజు పొద్దున దానికి ఆ రిబ్బను కట్టిందెవరు? …నువ్వే కట్టావా? బాగుంది. చాలా బాగుంది.

…చూసుకోలేదా! సరే, అప్పుడు చూసుకోలేదు. అది వరసలోంచి బయటికి నడుస్తుంటే కనపడిందిగా ఎవరో? అప్పుడేం చేశావ్? …అన్న మాట వెనక్కి తీసుకుంటే టీచరమ్మ ముందు చిన్నతనమా? ఆవిడకి నువ్వు 'సర్' వి. 'సరే సర్' అంది. నీ కూతురని తెలిసీ నోరెత్తలేదు. ఆవిడ చేతిలో అట్ట చందమామ, నీ కంటికి కెమెరా గాజు ముక్క. ఇద్దరూ కలిసి ఒక పిల్లని మూలకి తోశారు. ఇంటికొచ్చి నువ్వు దానికి స్పెషల్ వేషమని పేరు పెట్టావ్!

థూ. …ఆ, ఉమ్మాను. మెట్ల మీదే. తర్వాత నేనే కడుగుతాలే.

పిట్టెక్కడుంది? …నీ పక్కనే నిలబడుందా? ఇంతసేపూ నీ మాటలు వింటోందా! ఒరేయ్ దరిద్రుడా… దానికివ్వు ఫోను. ఇచ్చి అవతలికి పో.

…అమ్మలూ. ఆ, అత్తనే. ఏమన్నా తిన్నావా? …మొహానికి రంగేశారా? దురదగా ఉందా? గోక్కోకే, చారలు పడతాయి.

ఒక్క సంగతి అడుగుతా, చెప్తావా? క్లాసులో నువ్వెప్పుడూ తప్పవు కదా. నేను చూస్తూనే ఉంటాగా. మరి ఆ రోజు అటెందుకు తిరిగావ్? …ఎవరూ తిట్టరు. చెప్పు.

…నాన్న వైపా?

…ఎప్పుడూ రాడు కదా… ఆ రోజొచ్చాడు కదా… చూస్తున్నాడో లేదో అని. ఊఁ.

…లేదమ్మా. నువ్వేం పాడు చెయ్యలేదు. …నాన్న వీడియో సంగతి నీకెందుకే, ఆయన పని ఆయన చూసుకుంటాడు. నీకు డాన్స్ చెయ్యాలనుందా, లేదా? …తలూపితే నాకెలా కనపడుతుందే పిచ్చిదానా? నోటితో చెప్పు. …ఆ. అడుగులన్నీ గుర్తున్నాయా?

…ఏంటి? …చందమామ పట్టుకుని, బూట్ల లోపల కాలివేళ్ళతో వేస్తున్నావా? అన్నీనా?

…ఆ వేళ్ళని అలాగే ఆడిస్తూ ఉండమ్మా. నాన్నకివ్వు.

ఒరేయ్. నిన్ను చూడ్డానికి తిరిగిందట. నువ్వు చూస్తున్నావో లేదోనని. దాన్ని తీసేశావ్ నువ్వు.

…ఏడవకు. నీ ఏడుపు నాకక్కర్లేదు, దానికీ అక్కర్లేదు. మొదలవడానికి ఇంకా టైముందా? …చాలు, బోలెడు.

…వరస వంకరపోతే పోనీ. …టీచరమ్మ ఒప్పుకోకపోతే కెమెరా విప్పి సంచిలో పెట్టుకో. అప్పుడు ఒప్పుకుంటుంది. ఆ అట్టకి మేకు కొట్టి తెర పక్కన చెక్కకి తగిలించమను. ఆ పని మేకు చేస్తుంది, పిల్ల అక్కర్లేదు.

…షో అయ్యాక ఏంట్రా, షో అయ్యాక! ఇప్పుడు. ఆ మాట అందరి ముందే అన్నావ్ కదా, ఇదీ అందరి ముందే చెప్పాలి. ఆ పిల్లలందరి ముందు, ఆవిడ ముందు. 'తప్పు నాది, దీన్ని వరసలో నిలబెట్టండి' అని.

ఫోను కట్ చెయ్యకు. చొక్కా జేబులో పెట్టుకుని నడు. నాకు వినపడాలి. …సూపర్‌వైజరు వచ్చాడు, ఎదురుగానే నిలబడ్డాడు. నిలబడనీ. వింటాడు. నడు.

…

…ఊఁ.

…ఎవరికి వినపడిందిరా అది, నీ చొక్కాకా? గట్టిగా. 'ఈ పిల్ల' కాదు… పేరు పెట్టి పిలువు. పిలిచి, మొదట్నించి చెప్పు.